ముందు ఉప్పు వదలాలి, తర్వాతే స్టిక్కరు

విశాఖపట్నంలో కొత్త కారు కొన్నవాళ్లలో చాలామంది షోరూం నుంచి నేరుగా ఇంటికి వెళ్లరు. ఆశీల్‌మెట్టలో సంపత్ వినాయగర్ గుడి ముందు ఆగుతారు. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ పడుతుంది, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి, కొబ్బరికాయ పగులుతుంది. ఆ తర్వాతి మజిలీ చాలాసార్లు స్టిక్కర్ల దుకాణమే. వెనక అద్దం మీద సింహాద్రి అప్పన్న నామాలు, డోర్ల అడుగున రెండు చారలు, ఇంకాస్త సరదా ఉన్నవాళ్లకు బానెట్ మీద నల్లపట్టీ, పైకప్పు మొత్తానికి నల్ల వినైల్. పని ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆ పూట ఏది ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదాన్ని బట్టే, అయిదారేళ్ల తర్వాత స్టిక్కరు ఊడదీసిన రోజున కింద కనబడే పెయింటు ఎలా ఉంటుందన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందుగా పెయింటు సంగతి. కారు రేకు మీద మనకు కనబడేది ఒక్క రంగే అయినా, ఉన్నవి నాలుగు పొరలు. రేకును శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పూత పట్టించాక, బాడీ మొత్తాన్ని ఒక పెద్ద తొట్టెలో ముంచి కరెంటు పంపిస్తారు. అప్పుడు సందుగొందుల్లో కూడా సమంగా అంటుకునేది ఈ-కోట్ (విద్యుత్తుతో పట్టించే తుప్పు నిరోధక పొర). దాని మీద ప్రైమర్. ఆ పైన అసలు రంగు. అన్నిటికీ పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పొర). మెరుపు వచ్చేది ఈ చివరి పొర వల్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఉండేదీ ఇందులోనే. నాలుగూ కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). క్లియర్ కోట్ ఒక్కటీ 40 మైక్రాన్లకు అటూ ఇటూ. అంటే మన జాగ్రత్తలన్నీ మిల్లీమీటరులో పాతికో వంతు మందం ఉన్న పొర కోసమే.

ఈ పొర అరిగితే మళ్లీ రాదు. యంత్రంతో గట్టిగా పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొద్ది మైక్రాన్లు పోతాయి. సర్వీసింగుకు వెళ్లినప్పుడల్లా ‘రబ్బింగ్ పాలిష్ ఉచితం’ అంటే సంబరపడాల్సింది లేదు. గీతలు లేని కొత్త బండికి రబ్బింగ్ అనవసరం.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. కొత్త పెయింటు ‘ఆరడానికి’ రెండు మూడు నెలలు పడుతుందని, అప్పటిదాకా ఏమీ పూయకూడదని, అంటించకూడదని చాలామంది చెబుతారు. ఫ్యాక్టరీ పెయింటుకు ఈ మాట వర్తించదు. అక్కడ సీట్లు, వైర్లు, రబ్బర్లు బిగించకముందే ఒట్టి లోహపు బాడీని సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పెయింటు పూర్తిగా గట్టిపడే బయటికి వస్తుంది. డీలరు దగ్గరికి చేరేసరికి దానికి కొన్ని వారాల వయసుంటుంది. ఆ అపోహ పుట్టింది డెంటింగ్–పెయింటింగ్ షెడ్డుల్లో. షెడ్డులో బండికి రంగు వేసేటప్పుడు లోపల ప్లాస్టిక్కు, వైరింగు అన్నీ ఉంటాయి. 60 డిగ్రీలకు మించి వేడి చేయలేరు. చిన్న షెడ్డుల్లో అదీ ఉండదు, ఎండే దిక్కు. అలాంటి పెయింటులోంచి థిన్నరు ఆవిర్లు వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. దాని మీద వెంటనే వినైల్ అంటిస్తే ఆవిరికి దారి ఉండదు, బుడగలు లేస్తాయి. తర్వాత స్టిక్కరు పీకితే పెయింటు కూడా రేకులా లేచి వస్తుంది. కాబట్టి షెడ్డులో రంగు వేయించిన భాగానికి కనీసం నెల రోజులు ఆగడం మంచిది.

కొత్త బండికి షెడ్డు పెయింటు ఎందుకుంటుంది అనిపించవచ్చు. పెనుకొండలోనో శ్రీపెరంబుదూరులోనో తయారైన కారు ట్రైలర్ మీద వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఎక్కడో ఆరుబయట స్టాక్‌యార్డులో నిలబడి మన దాకా వస్తుంది. దారిలో ఎక్కడో గీత పడితే టచప్ చేసి అమ్మడం అప్పుడప్పుడూ జరిగేదే. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు డిటైలింగ్ దుకాణాల్లో ఉంటుంది. అన్ని డోర్లూ 110, 120 చూపిస్తూ ఒక డోరు మాత్రం 250 చూపిస్తే, దాని మీద రెండోసారి రంగు పడిందని అర్థం. బంపర్లు ప్లాస్టిక్కువి కాబట్టి వాటి దగ్గర ఈ మీటరు పనికిరాదు.

ఇక విశాఖ గాలి సంగతికి వద్దాం. ఇదే సలహా హైదరాబాద్ వాళ్లకు చెబితే సగం మాటలతో అయిపోతుంది.

మొదటిది ఉప్పు. కెరటాలు విరిగినప్పుడు లేచే తుంపర్లు గాలిలో ఆరిపోయి సన్నటి ఉప్పు రేణువులుగా ఊరి మీదికి వస్తాయి. ఒడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ ఇవి వేగంగా తగ్గుతాయి. బీచ్ రోడ్డులో బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టినంత త్వరగా గోపాలపట్నంలో పట్టకపోవడానికి కారణం ఇదే. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకుని తనంతట తానే ద్రవమైపోతుంది. విశాఖలో రాత్రిళ్లు తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే వాన పడకపోయినా, మంచు కురవకపోయినా, రాత్రంతా కారు ఒంటి మీద ఉప్పునీటి పొర ఉంటుంది. పగలు ఎండకు అది మళ్లీ ఉప్పుగా మారుతుంది. క్లియర్ కోట్ నిండుగా ఉన్నచోట ఈ ఉప్పు పెద్దగా ఏమీ చేయలేదు. రాయి తగిలి గంటు పడినచోట, కత్తి గాటు ఉన్నచోట మాత్రం తుప్పు మొదలై పెయింటు అడుగునే పాకుతుంది.

రెండోది ఇనుము. ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటినీ కలిపేయకూడదు. 1933లో తెరుచుకున్న ఓడరేవుకు బైలడిల్లా నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. 1960ల్లో జపాన్‌కు ఎగుమతి కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం దాని దారి. ఈ ఖనిజం ధూళి ఎర్రగా ఉన్నా అది ఇప్పటికే ఆక్సైడ్. కొత్తగా తుప్పు పట్టేదేమీ అందులో లేదు. నీళ్లు పోస్తే చాలావరకు జారిపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే మాత్రం గరుకు కాగితంలా గీస్తుంది. బొగ్గు, కోక్ ధూళి కూడా అంతే. అసలు చిక్కు రెండో రకంతో, అంటే లోహపు ఇనుము నలుసులతో. రైలు చక్రాలు పట్టాల మీద రాపిడి చెందినప్పుడు, బ్రేకులు పడినప్పుడు, గాజువాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ మిషను రవ్వలు చిమ్మినప్పుడు ఇవి పుడతాయి. మీ అపార్ట్‌మెంటు గేటుకు వెల్డింగ్ జరిగినా పుడతాయి. వేడిగా వచ్చి పడిన నలుసు క్లియర్ కోట్‌లో కాస్త దిగబడుతుంది. తర్వాత ఉప్పుతేమ తగిలి తుప్పు పట్టి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న పొరను నెమ్మదిగా పగలగొడుతుంది. తెల్లకారు బానెట్‌ను ఉదయపు ఎండలో దగ్గరగా చూస్తే నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. ఎంత కడిగినా పోవు. వేళ్లకు పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని కడిగిన బానెట్ మీద నెమ్మదిగా జరిపి చూడండి. ఒట్టి చేతికి నున్నగా తోచిన చోటే గరగరలాడుతుంది.

ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండలు. మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఓడరేవు, పాత ఊరు, పరిశ్రమలు ఉన్నాయి. గాలి కదలని చలికాలపు రాత్రుల్లో ధూళి, పొగ అక్కడే తిరుగుతుంటాయి. మల్కాపురం, జ్ఞానాపురం, పెదగంట్యాడ వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, మేడ మీద ఆరేసిన బట్టలే చెబుతాయి. (ఉక్కునగరం కాబట్టి మన కారు రేకు కూడా మన ఉక్కే అనుకునేవాళ్లుంటారు. కాదు. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, కట్టడాలకు పనికొచ్చే ఉక్కు. కార్ల రేకు వేరే కర్మాగారాల సరుకు.)

ఇప్పుడు స్టిక్కరు. కారు గ్రాఫిక్స్‌కు వాడే వినైల్ అంటే పీవీసీ ఫిల్ము. పీవీసీ సహజంగా బిరుసు. దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ (మెత్తదనం ఇచ్చే నూనెలాంటి పదార్థం) కలుపుతారు. వెనక, నొక్కితే అంటుకునే జిగురు ఉంటుంది. ఫిల్ము తయారయ్యే తీరు రెండు రకాలు. క్యాలెండర్డ్ రకాన్ని వేడి రోలర్ల మధ్య సాగదీసి చేస్తారు. క్యాస్ట్ రకాన్ని ద్రవంగా పలచగా పోసి ఆరబెడతారు. పూరీ పిండిని ఒత్తి వదిలేస్తే కాసేపటికి వెనక్కి ముడుచుకుంటుంది, పెనం మీద పోసిన దోసె ముడుచుకోదు. తేడా అంతే. క్యాలెండర్డ్ ఫిల్ము చవక. కానీ ఎండకు ప్లాస్టిసైజర్ బయటికి పోయేకొద్దీ అది కుంచించుకుపోతుంది. పాత స్టిక్కర్ల చుట్టూ కనబడే నల్లటి అంచు అదే: ఫిల్ము వెనక్కి జరిగింది, జిగురు అక్కడే మిగిలింది, దానికి ధూళి పట్టింది. చదునైన డోరు మీద చిన్న అక్షరాలకు క్యాలెండర్డ్ చాలు. వంపులున్న చోట, పైకప్పు మీద, బానెట్ మీద క్యాస్ట్ తప్ప వేరేది పెట్టించడం దండగ. ఏ ఫిల్మయినా నిలువు డోరు మీద బతికినంత కాలం పడుకున్న బానెట్ మీద బతకదు. సూర్యుడు నేరుగా కొట్టేది దానినే.

అంటించిన రోజు పెయింటు మీద ఏముందో, స్టిక్కరు దాన్ని లోపలే ఉంచి మూత వేస్తుంది. ఉప్పు ఉంటే ఉప్పు, ఇనుము నలుసు ఉంటే నలుసు, పూజలో నూనెతో కలిపిన సింధూరం ఉంటే ఆ నూనె. వినైల్ నీళ్లను ఆపుతుంది కానీ నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు, అంచుల్లోంచి తేమ కూడా ఎలాగూ వస్తుంది. అందుకే గంటు పడిన చోట స్టిక్కరు వేస్తే అది మచ్చను కప్పుతుంది తప్ప తుప్పును ఆపదు. తుప్పు కనబడకుండా పెరుగుతుంది.

ముందు గుడికి, తర్వాత దుకాణానికి అన్న మన వరసలో తప్పు లేదు. ఆ రెంటి నడుమ స్నానమే తక్కువైంది. పసుపు మరక ఎండకు కొంత వెలిసిపోతుంది. బజారు కుంకుమలోని రంగు మాత్రం తెల్లకార్ల మీద, అంతకంటే ఎక్కువగా మెరుపులేని మ్యాట్ ఫిల్ముల మీద పట్టుకుంటుంది. కాబట్టి పూజ ముందే చేయించాలి. సాయంత్రానికి నీళ్లు ధారగా పోసి, రుద్దకుండా కడిగేయాలి.

దుకాణానికి తీసుకెళ్లే ముందు చేయించాల్సిన పని ఇలా సాగుతుంది. ధూళి జారిపోయేలా ముందు ఒట్టి నీళ్లు, తర్వాత వాక్స్ కలవని షాంపూ. తీరం దగ్గర కొన్ని బోర్ల నీళ్లే ఉప్పగా ఉంటాయి, ఆఖరి కడుగుడు మున్సిపల్ నీళ్లతో అయితే మేలు. ఆ పైన ఐరన్ రిమూవర్ (ఇనుము నలుసులను కరిగించే ద్రావణం) కొట్టి కొన్ని నిమిషాలు ఆగాలి, ఎండలో కాదు, నీడలో. నలుసు ఉన్నచోటల్లా ఊదారంగు ధారలు కారతాయి. వాసన భరించడం కష్టం, కానీ రంగు మారడాన్ని చూస్తే తెల్లగా మెరిసే కొత్త బండి మీద ఎంత ఇనుము ఉందో అర్థమవుతుంది. ఇంకా గరుకు మిగిలితే క్లే బార్ (మురికిని లాగే మెత్తటి ముద్ద) తడిగా జరిపించాలి. గంట్లు ఉంటే టచప్ చేయించి బాగా ఆరనివ్వాలి. చివరగా స్టిక్కరు వేసే చోటును నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (త్వరగా ఆవిరయ్యే, జిడ్డు తీసే ద్రవం) తుడవాలి. డోరు అంచుల్లో, బీడింగుల కింద దాగిన నీళ్లు పూర్తిగా ఆరాలి. అంటించేటప్పుడు అక్కడినుంచి ఒక్క చుక్క జారినా ఆ మేర జిగురు పట్టదు.

ఇక్కడే చాలామంది వరస తప్పుతారు. షోరూంలో డెలివరీ రోజునే టెఫ్లాన్ కోటింగో సిరామిక్ కోటింగో వేసి ఇస్తామంటారు. సిరామిక్ కోటింగ్ (సిలికా ఆధారిత గట్టి పూత) పనే తన మీద ఏదీ అంటుకోకుండా చూడటం. మురికి అంటుకోనిచోట జిగురు మాత్రం ఎలా అంటుకుంటుంది? నెల రెండు నెలల్లో అంచులు లేస్తాయి. స్టిక్కరు వేయించే ఆలోచన ఉంటే కోటింగ్ అప్పటికి వద్దని చెప్పాలి. ముందు స్టిక్కరు, ఆ తర్వాత దాని మీద, చుట్టూ ఉన్న పెయింటు మీద కలిపి కోటింగ్. ఇప్పటికే వేయించి ఉంటే స్టిక్కరు వచ్చే మేరకు దాన్ని సన్నటి పాలిష్‌తో తీయాలి. అంటే మళ్లీ క్లియర్ కోట్ అరగాలి.

అంటించే పని ఉదయం పూట, నీడలో జరగాలి. మధ్యాహ్నం ఎండలో కాలిన బానెట్ మీద జిగురు తాకగానే పట్టేస్తుంది, సరిచేసుకునే వీలుండదు. ఇంకొక మాట ముఖ్యం. కొందరు పనివాళ్లు ఫిల్మును బండి మీదే పరిచి బ్లేడుతో కోస్తారు. ఆరితేరిన చేయి ఫిల్మును మాత్రమే కోస్తుంది. ఆరితేరని చేయి క్లియర్ కోట్ దాటి దిగుతుంది. ఆ గాటు ఆ రోజు కనబడదు, ఫిల్ము అంచు దాన్ని కప్పేస్తుంది. అలాకాకుండా నైఫ్‌లెస్ టేపు (దారం లాగితే ఫిల్మును కోసే పట్టీ) ఉంది. అది వాడతారా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. లేదంటే బల్ల మీద ముందే కోసిన ఫిల్మును అతికించమనాలి.

జిగురు పూర్తి పట్టు సాధించడానికి కనీసం ఒక రోజు, కుదిరితే మూడు నాలుగు రోజులు ఇవ్వాలి. అంతవరకు వాటర్ సర్వీసింగ్ వద్దు. ఆ తర్వాత కూడా ప్రెషర్ గన్ను అంచుకు ఎదురుగా పెట్టకూడదు, అడుగు దూరం నుంచి పై నుంచి కిందికి కొట్టమనాలి. బీచ్ వైపు ఉండేవాళ్లు వారానికోసారైనా ఒట్టి నీళ్లతో కడగాలి, చక్రాల పై కమాన్ల లోపల, అడుగు భాగం కూడా. ఖరీదైన వాక్స్ కంటే ఈ నీళ్లే ఎక్కువ పని చేస్తాయి. ఆరుబయట పెట్టే బండికి కవరు మంచిదే అనిపిస్తుంది. కానీ ధూళి పడిన బండికి కవరు తొడిగితే, సముద్రపు గాలికి అది రాత్రంతా ఊగి, లోపలి ధూళితోనే పెయింటును, స్టిక్కరు అంచులను రాస్తుంది. కడిగి ఆరాక తొడగగలిగితేనే కవరు.

జాతీయ రహదారి మీద లారీల వెనక తరచు తిరిగేవాళ్లకు రాళ్ల దెబ్బలే పెద్ద బెడద. దానికి వినైల్ జవాబు కాదు. పీపీఎఫ్ (సాగే గుణమున్న పాలీయురిథేన్ రక్షణ ఫిల్ము) 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, దెబ్బను మింగుతుంది. బండి మొత్తానికి వేయించే ఖర్చు అందరికీ సమర్థనీయం కాదు. ముందు బంపరు, బానెట్ అంచు, డోర్ల చేతిగుంటల దగ్గర వేయిస్తే చాలు.

చారలు, నామాల వల్ల చిక్కు లేదు గానీ, బండి మొత్తాన్ని వేరే రంగు వినైల్‌తో చుట్టించేవాళ్లు ఆర్‌సీ తీసి చూసుకోవాలి. బండి రంగు అందులో నమోదై ఉంటుంది. రంగు మారితే రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించుకోవాలి.

స్టిక్కరు తీసే రోజు తప్పకుండా వస్తుంది. బండి అమ్మేటప్పుడో, రంగు వెలిసినప్పుడో. ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి. పూర్తిగా ఎండి పెళుసు కాకముందే తీస్తే ఒకే ముక్కగా వస్తుంది, ఆలస్యమైతే గోరంత ముక్కలుగా రాలుతుంది. హెయిర్ డ్రయర్‌తో చేయి ఆనించగలిగినంత వేడి చేసి, ఫిల్మును పైకి కాకుండా దాదాపు తన మీదికే మడిచినట్టు వెనక్కి, నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురుకు నీలగిరి తైలం సరిపోతుంది, తర్వాత షాంపూతో కడగాలి. పెయింటు థిన్నరు ఫ్యాక్టరీ పెయింటు మీద క్షణంపాటు తగిలితే తట్టుకుంటుందేమో గానీ, షెడ్డులో వేసిన రంగును, ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది.

కింద పాత స్టిక్కరు ఆకారం నీడలా కనబడితే కంగారు పడక్కర్లేదు. కప్పి ఉన్నచోట పెయింటు కొత్తగా ఉంది, ఎండకు వెలిసింది చుట్టూ ఉన్నదే. తెలుపు మీద ఇది తక్కువ, ఎరుపు మీద, ముదురు రంగుల మీద ఎక్కువ. బయటి భాగాన్ని సన్నగా పాలిష్ చేయిస్తే తేడా తగ్గుతుంది, కొంత ఎండ తిన్నాక ఇంకా కలుస్తుంది. చూడాల్సింది అంచుల వెంబడి. వెలుతురును పక్కవాటుగా పడనిచ్చి, గోరు అడ్డంగా జరపండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అది ఆనాటి బ్లేడు గాటు. దానికి టచప్ అదే వారంలో పడాలి, ఎందుకంటే ఇన్నేళ్లూ ఫిల్ము అంచు ఎంతో కొంత కాపాడిన ఆ సందులోకి ఇక మీదట ప్రతి రాత్రీ ఉప్పుతేమ నేరుగా దిగుతుంది.